అడవిదున్నకి బ్రేకులు

ఎకోర్స్,
థాంక్స్‌గివింగ్ మర్నాడు, శుక్రవారం.

చిరంజీవి తమ్ముడు బ్రూనోని మీ అక్క రెనీటా దీవించి రాయునది.

ఇక్కడ నాన్నా నేనూ లేచి తిరుగుతున్నాం, పొయ్యి వెలుగుతోంది. క్షేమమన్న మాట అలవాటు కొద్దీ రాసి కొట్టేశాను, ఆ కొట్టివేత నీకు కనిపిస్తూనే ఉంటుంది. నువ్వూ, మీ ఓడలో వాళ్ళూ ఈ నవంబరు గాలులని తట్టుకుని బాగానే ఉన్నారనుకుంటాను.

నీ ఉత్తరం డులూత్ ముద్రతో సోమవారం అందింది. ఇది నీకు మన నది మీదే అందాలి. మెయిల్ పడవ మీ ఓడ పక్కకి రాగానే పైనుంచి తాడుతో బకెట్ దించుతారు కదా, అందులో వచ్చిన మిగతావాళ్ళ ఉత్తరాలు పంచిపెట్టాక, గదిలో తలుపు వేసుకుని ఇది చదువు. ఇంజన్ గదిలో డ్యూటీ మీద ఉండి చదవకు.

నువ్వు ఆత్రంగా అడిగినదానికి ముందు జవాబు చెబుతాను. అవును, అడవిదున్న కదిలింది. మన నాయనమ్మ, బుషా, ఆ కారుకి పెట్టిన పేరు ఇప్పుడు మరీ సరిపోతోంది. పందొమ్మిది వందల ఎనభై మూడులో ప్లాంటు వాళ్ళు నాన్నని పనిలోంచి తీసేసి ఇంట్లో కూర్చోబెట్టినప్పుడు టార్పాలిన్ కప్పుకుని పడుకున్న బండి, ఇన్నేళ్ళకి లేచి వీధి చివరిదాకా వినబడేలా రంకె వేసింది. వేసవంతా ఆయన దాని పొట్టలోనే ఉన్నాడు. పెట్రోలు ట్యాంకులో మిగిలింది వార్నిష్‌లా గడ్డకట్టి, దింపిన రోజున ఆ కంపుకి పక్కింటి కుక్క రోజంతా మొరిగింది. సీట్లలో ఎలుకలు కాపురాలు పెట్టాయి. ఇంజన్ బిగుసుకుపోతే, సిలిండర్లలో నూనె పోసి, రోజూ పొద్దున్నే ప్రార్థనకి వెళ్ళినంత నియమంగా వెళ్ళి పొడవాటి రెంచితో ఒక్క గుంజు గుంజి వచ్చేవాడు. ఒకరోజు అది వేలెడంత తిరిగింది. ఆ రోజు భోజనం దగ్గర నాన్న తింటూ తింటూ నవ్వుకున్నాడు.

కారు అడుగుభాగం ఈ ఊళ్ళో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పుకి జల్లెడైపోయింది కదా. డ్రైవరు పాదాల కింద రేకు వెయ్యాలి. కొత్త రేకు కొనే మనిషా మన నాన్న? ఎక్కడి నుంచి తెచ్చాడో నేను అడగలేదు గానీ, 'ఆగుము' అని రాసున్న ఎర్రటి రోడ్డు బోర్డు ఒకటి పట్టుకొచ్చి కత్తిరించి అక్కడ బిగించాడు. మూడిళ్ళ అవతలి ఓర్విల్ అది చూడటానికి వచ్చాడు. ఓర్విల్‌ని నువ్వు ఇప్పుడు గుర్తుపట్టలేవు. కెంటకీ నుంచి వచ్చి నాన్న పక్కన నిలబడి అదే ప్లాంటులో బ్రేకులకి అతికించే లైనింగు పట్టీలు వత్తిన ఆ నిలువెత్తు మనిషి, ఇప్పుడు ముక్కులో గొట్టంతో, చక్రాల మీద ఆక్సిజన్ సీసాని ఈడ్చుకుంటూ తిరుగుతున్నాడు.

"ఒరే జిగ్గీ, కాళ్ళకింద ఆగమని రాసి పెట్టుకున్నావు. ఇంక బ్రేకులు దేనికిరా నీకు?" అన్నాడు నాన్నతో.

"నీకు చదవడం వచ్చని ఇవాళే తెలిసింది. ముందా సీసా అవతలికి లాగు. హీటరు పక్కన పెట్టుక్కూచున్నావు. నువ్వు పేలితే పేలావు, నా కారుకి రంగేసి వారం కాలేదు."

"నేను పోతే నష్టం నీకే. నీ కోతలు వినేవాడు ఈ వీధిలో ఇంకెవడున్నాడు?"

ఓర్విల్ నవ్వాడు. నవ్వు దగ్గులోకి జారింది. ఆ దగ్గు ఆగేదాకా నాన్న రెంచి పట్టుకుని అలాగే నిలబడ్డాడు, ఎవరో వచ్చి ఏదో చెబుతారని ఎదురుచూస్తున్నవాడిలా. వాళ్ళ షిఫ్టులో మిగిలింది ఈ ఇద్దరే.

ఇక నీ రెండో మాటకి వస్తాను. "నీకు ప్రతిదాంట్లోనూ హత్యే కనిపిస్తుంది అక్కా. ముసలాయన సరదా ముసలాయనది, దాన్ని కూడా నీ కార్మిక సంఘం పత్రికలో వ్యాసం చెయ్యకు" అని రాశావు. నేను నీతో వాదించకుండా ఉండలేను, అది నీకూ తెలుసు. ప్రతి ఆగస్టులోనూ ఇలాంటి పాత కార్లన్నీ తుడిచి మెరిపించి రోడ్డు పొడుగునా వరసగా నిలబెట్టి, మడత కుర్చీలేసుకుని కూర్చుని, ఆ కాలమే వేరు అని నిట్టూర్చే పెద్దమనుషులున్నారే, వాళ్ళ మీద నాకు జాలి లేదు. ఆ కాలం ఎవరికి వేరు? ఆ ఇంజన్లు పోతపోసినవాళ్ళకి చెవులు పోయాయి. ఆ రంగులు చల్లినవాళ్ళకి రక్తం పాడైంది. ఆ బ్రేకులు చేసినవాళ్ళని చూడాలంటే ఓర్విల్ ఉన్నాడు. కంపెనీ డాక్టర్లకి అంతా ముందే తెలుసు. తెలిసి, కింద పనిచేసేవాళ్ళకి, నేల తడిపి ఊడవండి, తడిగా ఉంటే దుమ్ము లేవదు, ఇంకేం భయం లేదు అని చెప్పారు. స్నానాల గది కట్టడానికి చోటు లేదన్నారు. మేనేజర్ల కార్లకి నీడ కట్టడానికి మాత్రం చోటు దొరికింది. దీన్ని హత్య అనకపోతే ఏమనాలో నువ్వే రాయి, ఆ మాటే వాడతాను.

ఈసారి కూడా పియరోగీలకి పిండి కలిపి, పూర్ణం పెట్టి ఉడికిస్తావా అని అడిగావు. నువ్వు జనవరి దాకా దిగవు కాబట్టి క్రిస్మస్ ముందు రాత్రి బల్ల దగ్గర ఇద్దరమే. చేస్తాను, నీ వాటా గడ్డకట్టించి దాస్తాను. కానీ అమ్మ ఉండగా చేసినట్టు ఇంటి కింద సెల్లార్ వంటింట్లో చెయ్యను, పైనే చేస్తాను. ఆ సెల్లార్‌లోకి ఇక ఎవరూ దిగటం లేదు. ఎందుకో చెబుతాను. నువ్వడిగిన మూడో సంగతి కూడా అందులోనే ఉంది.

"లైనింగులు అరగదీసే మిషన్ పారేయనివ్వకు, జనవరిలో వచ్చి బ్రేకుల పనికి నేనూ చెయ్యి వేస్తాను" అన్నావు. నీకు పని మిగల్చలేదు తమ్ముడూ. మొత్తం అయిపోయింది.

ఈ నెల మొదట్లో ఒక మంగళవారం మధ్యాహ్నం పెందలాడే ఇంటికి వచ్చాను. తలుపు తియ్యగానే కాళ్ళ కింద నుంచి సన్నగా కీచుమని రొద వస్తోంది. పంటి డాక్టరు మరలాంటి రొద. సెల్లార్ మెట్ల తలుపు తీస్తే, మెట్ల మధ్య గుమ్మానికి అడ్డంగా అమ్మ పడకమీది దుప్పటి ఒకటి మేకులు కొట్టి వేలాడుతోంది. ముట్టుకుంటే తడి. అంచుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. అవతల దీపం వెలుగులో నాన్న నీడ వంగి వంగి కదులుతోంది. దుప్పటి పక్కకి తొలగించాను.

చలికి గ్యారేజీలో వేళ్ళు పనిచెయ్యడం లేదని మిషన్‌ని సెల్లార్‌లోకి దింపాడు. అమ్మ పిండి మర్దించిన బల్ల మీద బిగించాడు. పక్కన అట్టపెట్టెలు, పైన నాన్న అక్షరాలు. ప్లాంటు నుంచి అన్నం డబ్బాలో పెట్టుకుని రోజుకొకటిగా మోసుకొచ్చిన పాత లైనింగులు. ఆ ప్లాంటులో అందరూ తెచ్చేవారు. తమ చేత్తో చేసిన వస్తువు ఇంట్లో ఉండటం వాళ్ళకి ఒక గొప్ప. చక్రంలోని డ్రమ్ము వంపుకి సరిపడేలా, లైనింగు అతికించిన బ్రేకు షూని మిషన్‌కి ఒత్తిపెట్టి నాన్న అరగదీస్తున్నాడు. దీపం చుట్టూ దుమ్ము మంచులా తిరుగుతోంది. ఆయన కనుబొమ్మలు తెల్లగా ఉన్నాయి. నా చిన్నప్పుడు షిఫ్టు దిగి గుమ్మంలోకి వచ్చిన నాన్న అచ్చంగా అలాగే ఉండేవాడు.

"ఆపు నాన్నా."

"పైకెళ్ళు. ఎందుకొచ్చావిప్పుడు? సాయంత్రం దాకా రావు కదా."

"అది ఆస్బెస్టాస్."

"నాకు చెప్తున్నావా? ఇప్పుడమ్మేవి బిస్కెట్లు, రెండు వానలకి అరిగిపోతాయి. ఇవి నేను చేసినవి."

"కొత్తవి కొనుక్కుంటే ప్రాణం పోతుందా? దీనికే పోతుంది."

"నలభై ఏళ్ళు తిన్నా ఈ దుమ్ము. ఏమయింది నాకు? నీ పేపర్లో రాసేవాళ్ళలో ఒక్కణ్ణి రమ్మను, వాడికన్నా ముందు మెట్లెక్కుతా."

అది నిజం. ఎనభై దాటిన మనిషి, ఎద్దులా ఉన్నాడు. నేను మాట మార్చి, ఆయన వెనక ఉన్న ఫర్నేసు చూపించాను. ఇంటికంతటికీ వేడిగాలి పంపే ఆ పెట్టె గాలిని పీల్చేది సెల్లార్‌లో నుంచే. ఆయన దుప్పటి కట్టింది మెట్లకి. దుమ్ము మెట్లెక్కి రావక్కర్లేదు, గొట్టాల్లో నుంచి నేరుగా ప్రతి గదిలోకీ వస్తుంది. పైన నా మంచం పక్క గాలి జాలీ మీద వారం రోజులుగా తెల్లటి నూగు చూస్తున్నాను, బూజనుకున్నాను.

నాన్న మిషన్ ఆపాడు. "పైకి వస్తుందా?" అన్నాడు. వస్తుందన్నాను. "నీ గదిలోకా?" అన్నాడు. అవునన్నాను. చేతిలో షూ కింద పెట్టి మెట్టు మీద కూర్చుండిపోయాడు. ముసలాయనకి అర్థంకాక అలా కూర్చున్నాడనుకున్నాను. నిజానికి అర్థంకానిది నాకు.

ఎనిమిది షూలలో అది చివరిది. తర్వాత మా సంఘం ద్వారా మనుషుల్ని పిలిపించాను. ప్లాస్టిక్ తొడుగులేసుకొచ్చి గొట్టాలన్నీ కడిగి, సెల్లార్ తలుపు చుట్టూ టేపు అంటించి పోయారు. ఫర్నేసు కట్టేశాం. కరెంటు హీటర్లతో గడుపుతున్నాం. నాన్న ఒక్కమాట ఎదురు చెప్పలేదు. అది నాకు గొడవకన్నా భయమనిపించింది. మర్నాటి నుంచి గ్యారేజీలోకి వెళ్ళి, ఆ చలిలోనే ఆ షూలు బిగించాడు.

మొన్న ఆదివారం, "పద, ఒక చుట్టు తిరిగొద్దాం" అన్నాడు. ఇంజన్ అదురుకి నా ఒళ్ళో సంచీ కూడా వణికింది. ఓర్విల్ తన మెట్ల మీద నుంచి, "అమ్మాయ్, సీటు బెల్టు కాదు, జపమాల పట్టుకో" అని అరిచాడు. నాన్న చెయ్యూపి, నది వెంబడి రోడ్డు పట్టాడు. నేను ఒక మాట చెప్పాలని నిశ్చయించుకుని ఎక్కాను. కారులో అయితే ఆయన రోడ్డు చూస్తాడు, నా మొహం చూడడు.

ప్లాంటు ఉన్న చోటికి వచ్చాం. కంపెనీ పేరు మార్చుకుని, ఊరు మార్చుకుని పోయింది. కంచె, కలుపు, లోపలికి రావద్దని ఒక బోర్డు మిగిలాయి. నాన్న ఉన్నట్టుండి బ్రేకు తొక్కాడు. అంత బరువు బండి ఒక్క కుదుపు లేకుండా, పక్కకి లాగకుండా, నిలబడమన్నచోట నిలబడింది.

"చూశావా?" అన్నాడు. కంచె వైపు చూస్తూ, "మీ అమ్మని చూసిన డాక్టరు నన్ను విడిగా పిలిచాడు. ఇంట్లో నీ పని బట్టలు ఎవరు దులిపేవారు, ఎవరు ఉతికేవారు అని అడిగాడు" అన్నాడు.

బ్రూనో, అమ్మది పొగ అలవాటు లేని మనిషికి వచ్చిన ఏదో ఊపిరితిత్తుల జబ్బని మనిద్దరికీ చెప్పారు గుర్తుందా? అది తన బట్టల మీది దుమ్ము వల్లేనని ఆయనకి మొదటి నుంచీ తెలుసు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"నువ్వు పేపర్లో వేస్తావు."

"వేసేదాన్నే."

"మీ అమ్మే వద్దంది. పిల్లలకి తెలిస్తే నీ మొహం చూడరు జిగ్గీ, అంది."

"తెలిసి మళ్ళీ ఆ దుమ్ములో ఎందుకు కూర్చున్నావు మరి?"

"ఆ పెట్టెలు ఇంటికి తెచ్చింది నేను. నేను పోయాక సర్దేది మీరు. మీరు ముట్టుకోకముందే ఖాళీ చేద్దామనుకున్నా. అరగదీసి డ్రమ్ములో పెట్టి మూసేస్తే పీడ పోతుంది. నువ్వు ఇంట్లో లేనప్పుడే చేశా. తడి గుడ్డ కట్టా. ఎప్పుడూ అలాగే చెప్పేవాళ్ళు మాకు, తడిగా ఉంటే ఏం కాదని."

తొక్కినప్పుడల్లా ఆ డ్రమ్ముల్లో అదే దుమ్ము మళ్ళీ రాలుతుందని నేను అనలేదు.

"నా సంగతంటావా, నన్ను తినదల్చుకుంటే ఎప్పుడో తినేది. నన్ను వదిలి మీ అమ్మని తింది. ఎందుకో నాకు తెలీదు. కానీ మీ ఇద్దరి దాకా రాలేదు చూడు. అక్కడ ఆగింది. రాత్రిళ్ళు ఆ ఒక్కమాట అనుకుంటేగానీ నిద్ర పట్టదు తల్లీ."

నేను తెచ్చుకున్న మాట చెప్పబోయాను. దగ్గు వచ్చింది. "చలి. దీని హీటరు ఇంకా చూడలేదు" అని నాన్న తన మెడలో మఫ్లరు తీసి నాకిచ్చి, బండి తిప్పాడు.

ఇప్పుడు నువ్వు చివర్న, చిన్న అక్షరాలతో అడిగినది. "నీ దగ్గుకి డాక్టరు ఏమన్నాడు?" అని. ఆ మంగళవారం నేను పెందలాడే వచ్చింది ఆఫీసు నుంచి కాదు, ఆసుపత్రి నుంచి. ముక్క తీసి పరీక్షించారు. అమ్మకి వచ్చిన క్యాన్సరే. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరలో. ఇప్పటి సెల్లార్ దుమ్ము చేసిన పని కాదిది, దీనికి ముప్ఫై నలభై ఏళ్ళు పడుతుందట. నన్నూ అడిగారు, చిన్నప్పుడు మీ నాన్న పని నుంచి రాగానే ఏం చేసేదానివని. పరుగెత్తుకెళ్ళి నడుము చుట్టుకునేదాన్ని అని చెప్పాను. నువ్వు అప్పటికి ఇంకా ఉయ్యాలలో ఉన్నావు. అయినా దిగిన వెంటనే నువ్వు కూడా చూపించుకో. దీని మీద నాతో వాదించకు.

ముప్ఫై ఏళ్ళుగా నా పత్రికలో ఒకే సంగతి రాస్తున్నాను. కార్మికుడికి నిజం చెప్పండి, తట్టుకుంటాడో లేదో మీరు తేల్చకండి అని. ఎంతమంది మేనేజర్లని, ఎంతమంది డాక్టర్లని ఆ మాటతో చీల్చి చెండాడానో లెక్కలేదు. ఇప్పుడు వాళ్ళు చేసినదే చేస్తున్నాను. ఎదురుగా కూర్చున్న కార్మికుడు తట్టుకోలేడని తేల్చేసి నోరు మూసుకున్నాను. చెబితే నాన్నకి ఉన్న ఆ కాస్త నిద్రా పోతుంది, ఆ తర్వాత నాన్న పోతాడు. చెప్పకపోతే కొత్త పేరు వెనక ఆ కంపెనీ హాయిగా ఉంటుంది, ఎందుకంటే ఆ బట్టలు ఇంటికి వచ్చాయని సాక్ష్యం చెప్పగలిగిన మనిషి ఆయనొక్కడే. చంపినవాళ్ళు పేరు మార్చుకున్నారు. నేరం మాత్రం మన ఇంట్లో, నాన్న చేతిలో పెట్టి పోయారు. నాకు భయం లేదని రాయను, ఉంది. కానీ ఈ ఒక్క అన్యాయం తలుచుకుంటే ఆ భయం కూడా పక్కకి జరిగి చోటిస్తోంది.

చెప్పాలనే నిర్ణయించుకున్నాను. ఒక్కదాన్నే చెప్పలేను. నువ్వుండాలి.

నాన్న ఈ కారు బాగుచేసింది ఎందుకో నీకు తెలియదు. జనవరిలో మీ ఓడ టొలీడో రేవులో కట్టేసే రోజున నీకు చెప్పకుండా దీన్నేసుకుని వచ్చి నిచ్చెన కింద నిలబడాలని. వచ్చే దారి కూడా రోజూ చెబుతున్నాడు. చూసి ఆశ్చర్యపోయినట్టే ఉండు. సంచీ డిక్కీలో పెట్టు, పొగుడు, పొగడటానికి తగ్గట్టే ఉంది. తర్వాత తాళాలు అడుగు. ఇవ్వనంటాడు. ఏడాదంతా నీళ్ళ మీదే ఉన్నాను నాన్నా, ఒక్కసారి రోడ్డు చూడనివ్వు అను. ఎట్లాగైనా తీసుకో. ఆయన నీ పక్కన కూర్చుంటాడు, నేను వెనక.

ఊరు దాటి పొలాల మధ్య రోడ్డు ఖాళీ అయ్యాక నేను మొదలుపెడతాను. నా గొంతు వినగానే వేగం తగ్గించి పక్కకి తియ్యి. ఆయన తలుపు మీద చెయ్యి వేస్తాడు, నాకు తెలుసు. బండి పూర్తిగా నిలబడేదాకా తెరవనివ్వకు. తర్వాత దిగనివ్వు, మంచులో ఎంతసేపు నిలబడితే అంతసేపు నిలబడనివ్వు. పిలవకు. అది రెండు తలుపుల బండి కదా, ముందు సీటు వంచితేగానీ వెనకున్నవాళ్ళు దిగడానికి లేదు. నీవైపు సీటు వంచకు. ఆయనే తిరిగొచ్చి, తన సీటు వంచి, నాకు చెయ్యి అందించాలి. అందించేదాకా నేను వెనకే కూర్చుని ఉంటాను.

ఇట్లు,
నీ అక్క,
రెనీటా.